‘ఆ మందు నాకు పడదు’ అన్నప్పుడు అసలు ఏం పడలేదు?

ఆస్పత్రి కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో రాసే మాటల్లో అన్నిటికంటే మొండిది ‘పెన్సిలిన్ ఎలర్జీ’. రాయడానికి పది సెకన్లు చాలు. ఒకసారి ఎక్కిందంటే ఆస్పత్రి మారినా, ఊరు మారినా, ముప్ఫై ఏళ్లు గడిచినా మనిషిని వదలదు. ఏం జరిగితే రాశారని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటే: “చిన్నప్పుడు పడలేదంట, అమ్మ చెప్పింది.”

చిక్కంతా ఆ ‘పడదు’లోనే ఉంది. మనకు వంకాయ పడదు, ఏసీ గాలి పడదు, పక్కింటివాళ్లతో పడదు, మందూ పడదు. మాత్ర వేసుకున్నాక కడుపులో తిప్పినా పడలేదనే అంటాం, సూది వేసిన పది నిమిషాలకు బీపీ పడిపోయినా పడలేదనే అంటాం. మందుల ఎలర్జీ మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ ఒక్క క్రియను విడగొట్టే పనే.

ముందు తేలికైనవి పక్కన పెట్టేద్దాం. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌తో విరేచనాలు, మెట్రోనిడజోల్‌తో నోరు చేదెక్కడం, నొప్పి మాత్రతో కడుపు మంట, ఇవి ఎలర్జీ కావు. మందు గుణంలోనే ఉన్న ఇబ్బందులు. డోసు తగ్గిస్తేనో, అన్నం తిన్నాక వేసుకుంటేనో తగ్గుతాయి. వీటిని ఎలర్జీ గడిలో రాయడం వల్ల ఆ గడి విలువే పోతుంది.

మిగిలినవాటిని విడదీయడానికి అన్నిటికంటే పనికొచ్చే పరికరం గడియారం. మందు పడ్డాక గంటలోపు దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, కళ్లు తిరగడం వస్తే అది తక్షణ రకం. దీని వెనక సాధారణంగా ఐజీఈ అనే యాంటీబాడీ ఉంటుంది. 1966లో ఇషిజాకా దంపతులు దీన్ని గుర్తించారు. ఐదారు రోజుల తర్వాత ఒంటి మీద తట్టు పోసినట్టు ఎర్రటి మచ్చలు లేస్తే అది టీ కణాల (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) పని. మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, కళ్ల మంట, నోట్లో పుళ్లు, చర్మం ఊడిరావడం కనిపిస్తే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అనుమానించాలి. రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య జ్వరం, మొహం ఉబ్బు, లివర్ పరీక్షల్లో తేడా, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగడం కలిసి వస్తే అది డ్రెస్ (DRESS) అనే తీవ్రమైన మందుల ఎలర్జీ. అందుకే “ఏ మందు?” అన్న ప్రశ్నతో సమానంగా “వేసుకున్న ఎంతసేపటికి?” అని కూడా అడగాలి. మన ఓపీల్లో రెండో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు.

పెన్సిలిన్ అంత చిన్న అణువు (అణుభారం 334) మన రోగనిరోధక వ్యవస్థ కంట్లో ఎలా పడుతుంది? ఒంటరిగా అయితే పడదు. దానిలోని బీటా-లాక్టమ్ అనే నాలుగు మూలల వలయం బిగుతుగా వంగి ఉంటుంది. అది తెరుచుకుని, రక్తంలోని ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట అతుక్కుంటుంది. మందూ ప్రొటీనూ కలిసిన ఆ జంటను శరీరం పరాయిదిగా చూస్తుంది. యాంటీబాడీ గుర్తుపట్టేది కొందరిలో ఈ వలయపు భాగాన్ని, కొందరిలో అణువు పక్కన వేలాడే గొలుసును. ఈ తేడా ఎంత ముఖ్యమో కాసేపట్లో చూద్దాం.

ఇక పరిశోధన చెప్పిన పెద్ద మాట. అమెరికాలో దాదాపు పదిమందిలో ఒకరి రికార్డులో పెన్సిలిన్ ఎలర్జీ అని ఉంటుంది. వాళ్లను పద్ధతిగా పరీక్షిస్తే నూటికి తొంభై మందికి పైగా ఆ మందును నిక్షేపంగా తట్టుకుంటారు. కారణాలు రెండు. మొదటిది, అసలు ఎలర్జీ కాకపోవడం: పిల్లలకు వైరల్ జ్వరంలో వచ్చిన దద్దుర్లను అప్పుడు ఇస్తున్న సిరప్ మీదికి నెట్టేస్తాం. కెనడాలోని మాంట్రియల్‌లో పెన్సిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్ ఎలర్జీ అనుమానంతో వచ్చిన 818 మంది పిల్లలకు నేరుగా అదే మందు ఇచ్చి చూస్తే 94.1 శాతం మందికి ఏమీ కాలేదు. 2016లో అచ్చయిన లెక్క ఇది. రెండోది, ఉన్న ఎలర్జీ కూడా అరిగిపోవడం: నిజంగా ఐజీఈ ఉన్నవాళ్లలో ఐదేళ్లకు సగం మందికి, పదేళ్లకు సుమారు ఎనభై శాతం మందికి అది పోతుంది.

పోతే పోయింది, పెన్సిలిన్ కాకపోతే ఇంకో మందు వాడతాం, నష్టమేముంది అనొచ్చు. నష్టముంది. దక్షిణ కాలిఫోర్నియాలో ఆస్పత్రి రికార్డులు పోల్చి 2014లో ప్రచురించిన పనిలో, ఈ ముద్ర ఉన్నవాళ్లకు క్లాస్ట్రిడియం డిఫిసిల్ (తీవ్ర విరేచనాలు తెచ్చే పేగు బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్ 23.4 శాతం, ఎంఆర్‌ఎస్‌ఏ (మామూలు మందులకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) 14.1 శాతం ఎక్కువగా కనిపించింది. సూటిగా పనిచేసే మందు వదిలేసి అడ్డదిడ్డంగా అన్నిటినీ చంపే మందు వాడితే జరిగేది అదే.

ముద్ర చెరపాలంటే ఎవరిని తేలిగ్గా తీసుకోవచ్చు, ఎవరిని కాదు? ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో పెన్-ఫాస్ట్ అనే చిన్న లెక్క తయారుచేశారు. ఎలర్జీ ఐదేళ్ల లోపు జరిగితే 2. అనాఫిలాక్సిస్ (బీపీ పడిపోయి, ఊపిరాడక ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ), మొహం-గొంతు వాపు, లేదా తీవ్రమైన చర్మవ్యాధి వచ్చి ఉంటే 2. అప్పట్లో వైద్యం అవసరమైతే, లేదా అవసరమైందో లేదో తెలియకపోతే 1. మొత్తం 3 కంటే తక్కువైతే అసలు ఎలర్జీ ఉండే అవకాశం నూటికి ఐదు లోపు. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. నలభై ఏళ్ల మనిషి, ఎనిమిదో ఏట సిరప్ తాగితే మూడో రోజు మచ్చలొచ్చి వాటంతటవే పోయాయి: సున్నా. ఇంకొకరు, రెండేళ్ల క్రితం సూది వేసిన పావుగంటకు మొహం ఉబ్బి అడ్రినలిన్ ఇవ్వాల్సి వచ్చింది: ఐదుకు ఐదు. ఈ ఇద్దరి కేస్ షీట్ మీదా ఇవాళ ఒకే మాట ఉంటుంది.

2023లో వచ్చిన ప్యాలెస్ అధ్యయనం దీన్ని ఒక మెట్టు ముందుకు తీసుకెళ్లింది. స్కోరు 3 లోపు ఉన్న 382 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చర్మపరీక్ష లేకుండా నేరుగా నోటి ద్వారా మందు ఇచ్చారు, రెండో జట్టుకు చర్మపరీక్ష తర్వాత ఇచ్చారు. రెండు జట్లలోనూ ఎలర్జీ తేలింది ఒక్కొక్కరికే. అంటే తక్కువ ముప్పు ఉన్నవాళ్లకు సూదులతో పనే లేదు. చేసే విధానం కూడా సాదాది: పూర్తి మోతాదు ఒకేసారి ఇవ్వడం, లేదా మోతాదులో పదో వంతు ఇచ్చి ఇరవై ముప్ఫై నిమిషాలు చూసి మిగతాది ఇవ్వడం. తర్వాత కనీసం గంటసేపు కూర్చోబెట్టి చూడాలి. ఆస్తమా అదుపులో లేకపోతే ఆ రోజు వాయిదా. స్టీవెన్స్-జాన్సన్, డ్రెస్, మందు వల్ల రక్తకణాలు విరిగిపోవడం లాంటివి గతంలో జరిగినవాళ్లకు ఈ ప్రయోగం అసలే చేయకూడదు, స్కోరుతో సంబంధం లేదు. ఇంట్లో మాత్ర మింగి చూసుకునే వ్యవహారం అసలే కాదు.

మన టెస్ట్ డోస్ సంగతి

మన దగ్గర నర్సింగ్ హోముల్లో జరిగేది ఇంకోటి. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఒక గ్రాము వయల్‌లో 10 మి.లీ. నీళ్లు కలుపుతారు. అందులోంచి 0.1 మి.లీ. లాగి ముంజేతి చర్మంలోకి ఎక్కిస్తారు. చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుడతారు. అరగంటకు వచ్చి “ఎర్రబడిందా? దురదుందా?” అని అడిగి, లేదంటే మిగతాదంతా నరంలోకి పంపిస్తారు. ఎలర్జీ చరిత్ర ఉన్నా లేకపోయినా అందరికీ ఇదే తంతు. సదుద్దేశంతోనే చేస్తారు. కానీ ఇందులో ప్రతి మెట్టులోనూ తప్పు దొర్లుతుంది.

మొదటి తప్పు గాఢత. పదికి ఒకటి కలిపితే అది మి.లీ.కి 100 మి.గ్రా. అంత చిక్కటి ద్రావణం ఎలర్జీ లేనివాడి చర్మాన్నీ మండిస్తుంది. ఆ ఎర్రదనం చూసి ‘సెఫ్ట్రియాక్సోన్ ఎలర్జీ’ అని రాసేస్తారు. చర్మాన్ని రేపని గాఢతతో చేయాలి. మి.లీ.కి 2 మి.గ్రా. నుంచి మొదలుపెట్టడం భద్రం. యూరప్ మార్గదర్శకాలు తర్వాత చాలా సెఫలోస్పోరిన్లకు (సెఫ్ట్రియాక్సోన్ కుటుంబపు మందులకు) 20 దాకా ఒప్పుకున్నాయి. 2 మి.గ్రా. ఎలా వస్తుందంటే, పై వయల్‌లోంచి 0.1 మి.లీ. తీసి 4.9 మి.లీ. సెలైన్‌లో కలిపితే సరిగ్గా అంతే.

రెండోది పరిమాణం. చర్మంలోకి వెళ్లాల్సింది 0.02 నుంచి 0.05 మి.లీ. మాత్రమే, చిన్న బుడిపె లేచేంత. 0.1 మి.లీ. ఎక్కిస్తే ఆ ఒత్తిడికే ఉబ్బు పెద్దదవుతుంది. సూది లోతుగా దిగి చర్మం కిందికి పోతే బుడిపె లేవదు, పరీక్ష జరగనట్టే లెక్క.

మూడోది, పోల్చి చూడడానికి ఏమీ లేకపోవడం. పక్కనే సెలైన్ ఒక చుక్క, మి.లీ.కి 10 మి.గ్రా. హిస్టమిన్ (ఎలర్జీలో దద్దు రేపే రసాయనం) ఒక చుక్క ఉండాలి. కొందరికి గీరితేనే దద్దు లేస్తుంది. సెలైన్ పెట్టినచోట కూడా లేచిందంటే ఆ పరీక్ష చెల్లదు. జలుబుకని ముందురోజు సెట్రిజిన్ వేసుకున్నవాళ్లకు హిస్టమిన్ పెట్టినా దద్దు లేవదు. అప్పుడు మందు పెట్టినచోట ఏమీ రాకపోవడానికి అర్థమే లేదు. అందుకే పరీక్షకు ఐదు నుంచి ఏడు రోజుల ముందే అలాంటి మాత్రలు ఆపాలి.

పద్ధతిగా చేస్తే ముందు పైపైన గుచ్చే ప్రిక్ పరీక్ష, అది నెగెటివ్ అయితేనే చర్మంలోకి సూది. 15-20 నిమిషాలకు స్కేలుతో కొలవాలి. ప్రిక్‌లో దద్దు సెలైన్ కంటే కనీసం 3 మి.మీ. పెద్దదైతేనే పాజిటివ్. ఎలర్జీ జరిగిన వెంటనే చేస్తే ఐజీఈ ఖర్చయిపోయి తప్పుడు నెగెటివ్ రావచ్చు, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. నర్సు బాల్‌పెన్ను సున్నా చుట్టడంలో తప్పులేదు, కొలవకపోవడమే తప్పు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ముందెప్పుడూ ఏమీ జరగనివాళ్లకు ఈ పరీక్ష చేయడం దండగ. రోగం లేనిచోట పరీక్ష చేస్తే వచ్చే పాజిటివ్‌లలో తప్పుడువే ఎక్కువ. నెగెటివ్ వచ్చినంత మాత్రాన అనాఫిలాక్సిస్ రాదన్న హామీ కూడా లేదు. ఆ అరగంటా అడగాల్సిన ప్రశ్నలు అడిగి, అడ్రినలిన్ ఆంప్యూల్ ట్రేలో ఉందో లేదో చూసుకుంటే అంతకంటే ఎక్కువ మంచి జరుగుతుంది.

అడ్రినలిన్ దగ్గర కాస్త ఆగాలి. అనాఫిలాక్సిస్‌లో చేయి మొదట వెళ్లాల్సింది దాని మీదికి. పెద్దవాళ్లకు 1:1000 ద్రావణం 0.5 మి.లీ., తొడ బయటివైపు మధ్యలో, కండలోకి. పిల్లలకు కిలోకు 0.01 మి.లీ.: పన్నెండు కిలోల పిల్లాడికి 0.12 మి.లీ. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ. అంత తక్కువ కొలవడానికి ఇన్సులిన్ సిరంజీ తీస్తుంటారు. మన దగ్గర దొరికే 40 యూనిట్ల సిరంజీలో 1 మి.లీ. అంటే 40 గీతలు, 100 కాదు. ఆ హడావిడిలో ఈ లెక్క తప్పుతుంది. 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజీ నయం. ముందు అవిల్ (ఎలర్జీ సూది), డెక్సా (స్టెరాయిడ్) వేసి, తగ్గకపోతే అడ్రినలిన్ చూద్దాం అనే అలవాటు మనుషుల్ని చంపుతోంది. అవిల్ దురదను తగ్గిస్తుంది, మూసుకుపోయే గొంతును తెరవదు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే మాత్రం కూర్చోనివ్వాలి. బాగానే ఉందని హఠాత్తుగా లేపి నిలబెట్టకూడదు.

పరిశోధనకు పనికొచ్చే ఒక రక్తపరీక్ష కూడా ఆ సమయంలోనే చేయాలి: ట్రిప్టేస్. ఎలర్జీ రసాయనాలు నింపుకున్న మాస్ట్ కణాలు పగిలితే అది పెరుగుతుంది. అరగంట నుంచి రెండు గంటల మధ్య ఒకసారి, 24 గంటలు దాటాక మరోసారి రక్తం తీయాలి. మామూలు విలువను 1.2తో గుణించి 2 కలపాలి. అప్పటి విలువ దానికంటే ఎక్కువైతే అది నిజమైన మాస్ట్ కణాల దాడే. మత్తు ఇస్తూ ఆరేడు మందులు ఒకేసారి వాడే ఆపరేషన్ థియేటర్లో, జరిగింది ఎలర్జీయా కాదా అని తేల్చడానికి ఇది చాలా ఉపయోగం.

ఒకటి పడకపోతే చుట్టాలన్నీ పడవా?

పెన్సిలిన్ పడనివాళ్లలో పదిశాతం మందికి సెఫలోస్పోరిన్లూ పడవని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ అంకె పాతది. తొలినాటి సెఫలోస్పోరిన్లలో పెన్సిలిన్ ఆనవాళ్లు కలిసి ఉండేవి, ఆ లెక్క చాలావరకు అప్పటిది. ఇప్పటి అంచనా రెండు శాతం అటూ ఇటూ. అదీ అందరికీ సమానం కాదు. ఇందాక చెప్పిన పక్క గొలుసు ఇక్కడికి వస్తుంది. అమాక్సిసిలిన్, సెఫడ్రాక్సిల్ గొలుసు ఒకటే. ఆంపిసిలిన్, సెఫలెక్సిన్, సెఫాక్లోర్ గొలుసు ఒకటే. సెఫ్ట్రియాక్సోన్, సెఫొటాక్సిమ్, సెఫెపిమ్ ఒక గూటివి. సెఫాజొలిన్ గొలుసు వీటిలో దేనితోనూ కలవదు. అందుకే ఆపరేషన్ ముందు పెన్సిలిన్ ఎలర్జీ అని చూసి సెఫాజొలిన్ మానేయడం చాలాసార్లు అనవసరం. అమాక్సిసిలిన్ పడనివాళ్లకు సెఫడ్రాక్సిల్ రాయడం మాత్రం కోరి తెచ్చుకోవడమే.

‘సల్ఫా పడదు’ అనేదీ ఇలాంటి కథే. కోట్రైమాక్సజోల్‌లోని సల్ఫా పడనివాళ్లకు ఒంట్లో నీరు దిగడానికి వాడే ఫ్యూరోసెమైడ్ ఇవ్వకూడదని ఏమీ లేదు. ఎలర్జీ రేపే భాగం ఆ యాంటీబయోటిక్‌కే ప్రత్యేకం. ఐరన్ మాత్ర ఫెర్రస్ సల్ఫేట్‌ను చూసి భయపడటానికైతే పేరు తప్ప వేరే కారణం లేదు.

నొప్పి మాత్రలది వేరే దారి. ఐబుప్రొఫెన్‌కూ డైక్లోఫెనాక్‌కూ ఆస్పిరిన్‌కూ మూడింటికీ దద్దుర్లు వచ్చాయంటే అది యాంటీబాడీ పని కాదు, కాక్స్-1 ఎంజైమును అడ్డుకోవడం వల్ల వచ్చే తంటా. అలాంటివాళ్లకు తక్కువ మోతాదు పారాసిటమాల్, లేదా కాక్స్-2ను మాత్రమే అడ్డుకునే మందు, వైద్యుల పర్యవేక్షణలో చూస్తారు. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ వేగంగా ఎక్కిస్తే ఒళ్లు ఎర్రబడటం కూడా ఐజీఈ పని కాదు. మాస్ట్ కణం మీద ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే తలుపును కొన్ని మందులు నేరుగా తడతాయని 2015లో తేలింది. నిమిషానికి 10 మి.గ్రా. దాటకుండా, అంటే గ్రాముకు కనీసం వంద నిమిషాలు పట్టేలా ఎక్కిస్తే చాలావరకు రాదు.

జన్యువులో రాసి ఉన్న ముప్పు

ఈ రంగంలో పరిశోధన రోగికి నేరుగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెప్పమంటే తైవాన్ పని చెప్పాలి. ఫిట్స్‌కు, మొహం నరాల నొప్పికి వాడే కార్బమజెపిన్ వల్ల స్టీవెన్స్-జాన్సన్ వచ్చిన 44 మందిని అక్కడ చూస్తే, 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యురూపం ఉంది (హెచ్ఎల్ఏ అంటే ప్రొటీన్ ముక్కల్ని రోగనిరోధక కణాలకు చూపించే అణువులు). అదే మందును తట్టుకున్న 101 మందిలో ముగ్గురికే ఉంది. 2004 నాటి మాట. తర్వాత 4,877 మందికి ముందే పరీక్ష చేసి, ఆ జన్యువున్న 7.7 శాతం మందికి ఈ మందు ఇవ్వలేదు. పాత లెక్కన పదిమందికి రావాల్సిన జబ్బు ఒక్కరికీ రాలేదు. 2011లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంతకుముందే, 2007 డిసెంబరులో, అమెరికా ఎఫ్‌డీఏ మందు లేబుల్ మీద హెచ్చరిక పెట్టించింది.

మన సంగతి? అదే లేబుల్ ప్రకారం భారతీయులు సహా దక్షిణాసియావారిలో ఈ జన్యురూపం సగటున 2 నుంచి 4 శాతం. తైవాన్ కంటే తక్కువ, తెల్లజాతివారి కంటే బాగా ఎక్కువ. ఇక్కడ రెండు మాటలు కలిపి గుర్తుంచుకోవాలి. జన్యువున్న ప్రతివారికీ జబ్బు రాదు, వచ్చేది తక్కువమందికే. అలాగే లేదన్నంత మాత్రాన మన జనాభాలో పూర్తి భరోసా లేదు, హెచ్‌ఎల్‌ఏ-ఎ*31:01 లాంటివీ ఉన్నాయి. కాబట్టి పరీక్ష చేసినా చేయకపోయినా, మొదటి రెండు మూడు నెలల్లో జ్వరంతో పాటు నోటిపూత, కళ్ల మంట కనిపిస్తే మాత్ర ఆపి అదేరోజు ఆస్పత్రికి వెళ్లమని చీటీ రాసేటప్పుడే చెప్పాలి. మందు ఎంత త్వరగా ఆపితే అంత మేలు.

హెచ్‌ఐవీ మందు అబకావిర్‌ది ఇంకా శుభ్రమైన ఉదాహరణ. 2008లో 1,956 మందితో చేసిన ప్రెడిక్ట్-1లో హెచ్‌ఎల్‌ఏ-బి*57:01 ముందే చూసి మందు ఇచ్చిన జట్టులో, ప్యాచ్ పరీక్షతో (మందును చర్మం మీద అంటించి చూడడం) రుజువైన ఎలర్జీ సున్నా. చూడకుండా ఇచ్చిన జట్టులో 2.7 శాతం. ఎలా జరుగుతుందో కూడా 2012లో తేలింది: ఆ మందు హెచ్‌ఎల్‌ఏ గాడిలో దూరి కూర్చుని, అక్కడ పట్టే సొంత ప్రొటీన్ ముక్కల్నే మార్చేస్తుంది. శరీరానికి తన ముక్కలే పరాయివిగా కనిపిస్తాయి. యూరిక్ యాసిడ్ మందు అల్లోప్యూరినాల్‌కు బి*58:01, కుష్ఠు చికిత్సలో వాడే డాప్సోన్‌కు బి*13:01 ఇలాగే దొరికాయి. డాప్సోన్ విషయం మన జిల్లాలకు దగ్గరిది. మొదలుపెట్టిన నాలుగైదు వారాలకు జ్వరం, మచ్చలు, పచ్చకామెర్లు కలిసి వస్తే దాన్ని మామూలు కామెర్లని ఆకుపసరుకు పంపకూడదు.

ఒంటి మీద ఒకేచోట, రూపాయి బిళ్లంత నల్లమచ్చ మళ్లీ మళ్లీ రేగేవాళ్లుంటారు. పెదవి మీద, చేతి మీద, మర్మాంగం మీద. విరేచనాలు తగ్గడానికి మాత్ర వేసుకున్న ప్రతిసారీ అక్కడే మండి, వారానికి నలుపు మిగులుతుంది. ఇది ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్. ఆ చర్మంలోనే తిష్ఠవేసిన సీడీ8 టీ కణాలకు మందు గుర్తుండిపోతుంది. ప్యాచ్ పరీక్ష కూడా ఆ మచ్చ మీదే చేయాలి, వీపు మీద మంచి చర్మంపై చేస్తే ఏమీ రాదు. దీన్ని సుఖవ్యాధి అనుకుని సిగ్గుతో దాచేవాళ్లు చాలామంది. రెండు మూడు మందులు కలిపిన మాత్రలు మన షాపుల్లో ఎక్కువ కాబట్టి, ఏ భాగం కారణమో తేలాలంటే వేసుకున్న స్ట్రిప్ పారేయకుండా ఉంచాలి.

ఇలాంటివి జరిగినప్పుడు రాసి పంపే చోటు ఉంది. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాల మీద నిఘా) కార్యక్రమాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. టోల్ ఫ్రీ 1800-180-3024. వైద్య కళాశాలల్లో దీని కేంద్రాలున్నాయి, రోగి కూడా స్వయంగా చెప్పొచ్చు. మందు వల్లేనని నిరూపించాల్సిన పని లేదు, అనుమానం చాలు. పేరులోని పొడి అక్షరాలు, వయసు, ఏం జరిగింది, ఏ తేదీన, ఏ మందు, ఎవరు చెబుతున్నారు, ఇవి లేకపోతే మాత్రం ఆ నివేదిక పనికిరాదు. బ్యాచ్ నంబరు కూడా రాస్తే ఎలర్జీనా, ఆ బ్యాచ్‌లోనే తేడానా అన్నది విడదీయొచ్చు.

జేబులో పెట్టుకునే కార్డు మీద ‘పెన్సిలిన్ పడదు’ అని రాయకండి. ఇలా రాయించుకోండి: “అమాక్సిసిలిన్ 500, 2019 మార్చి, రెండో మాత్ర తర్వాత 20 నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు, పెదవి వాపు, అడ్రినలిన్ ఇచ్చారు. 2022లో ఆపరేషన్‌కు సెఫాజొలిన్ ఇచ్చారు, ఏమీ కాలేదు.” రెండో వాక్యం ఎవరూ రాయరు. అర్ధరాత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు ముందు వెతుక్కునేది దాన్నే.